ఈ ఏటి సాక్ష్యం

తెల్లవారేటప్పుడు బీర పందిరి కింద నిలబడితే సుసన్నకు చెరువు అడుగున నిలబడ్డట్టు ఉంటుంది. పైన ఆకు మీద ఆకు పరుచుకుని ఆకాశం కనిపించదు. వెలుతురు పచ్చగా, నెమ్మదిగా దిగుతుంది. నిన్న సాయంత్రం విచ్చిన పసుపు పూలు ఇంకా ముడుచుకోలేదు. రాత్రి కురిసిన వాన తీగల మీంచి జారి, కాయ కొసన ఒక్క చుక్కగా ఆగి, ఎవరి కోసమో చూస్తున్నట్టు చూసి, రాలిపోతుంది.

ఇది మొదటి కాపు. కాయను అరచేతిలోకి తీసుకుని అంచు మీద బొటనవేలితో నొక్కితే, లేతదైతే గుర్తు పడుతుంది. అట్లాంటిదాన్ని కొంచెం తొడిమె ఉంచి కోసి, గంపలో తడి గోనె కింద పెట్టాలి. మొదటి కాపులో ఒక గంపెడు అమ్మకానికి పోదు. ఆదివారం మందిరానికి పోతుంది. గంపను పాస్టరు గారి బల్ల ముందు పెట్టి, సుసన్న కొంగు నిండుగా కప్పుకుని లేచి సాక్ష్యం చెబుతుంది. కూతురు కృపారాణి బడికి పోవడం మొదలుపెట్టిన ఏటి నుంచి అదే సాక్ష్యం. "నాకు క్యాన్సరు కాబోతుంటే దేవుడు ముందుగాలనే తెలియజేసిండు. గర్భసంచి తీపిచ్చిండు. నన్ను బతికిచ్చిండు." చాపల మీద కూర్చున్న ఆడవాళ్లకు ఆ మాటలు నోటికి వచ్చు. ఆమె ఆగాల్సిన చోట ఆగకముందే "స్తోత్రం" అంటారు.

ఇవాళ ఆమె బొటనవేలు ఏ కాయ మీదా నిలవడం లేదు.

"సుసన్నా, గా కాయ విత్తనానికి ఉంచిన. గదెందుకు కోసినవ్?" పందిరి అవతల కుంగిన తీగను గుంజి కడుతున్న భర్త ఇస్తారి అడిగాడు.

ఆమె చేతిలోని ముదురు కాయను చూసుకుంది. ఎప్పుడు కోసిందో తెలియదు. "నా చేతులు నా తాన లేవు. ఏమైతదో నా బిడ్డకు."

"నీకు తుమ్మొచ్చినా శవపెట్టె చేపించేదాక పోతవ్."

"నవ్వకు. నాకు గిట్లనే కాలేదా? గప్పుడు తీపిచ్చుకోకుంటే ఇయ్యాల ఈ పందిరి కింద ఉందునా?"

ఇస్తారి తీగకు ఇంకో మెలిక వేశాడు.

కృపారాణి పెద్ద అంబర్‌పేట నుంచి, అత్తగారింటి నుంచి వచ్చింది. మూడేళ్ల పాపను అత్త దగ్గర వదిలి వచ్చింది. నడుము లాగుతుంది. పసుప్పచ్చగా తెల్లబట్ట అవుతుంది. ఆ మాట తల్లికి చెప్పడానికి ఒక పూటంతా పట్టింది, ఇంకో మాట చెప్పడానికి మరో పూట పట్టింది. భర్త పక్కన పడుకున్నప్పుడల్లా ఎర్రగా కనబడుతుంది. ఆ రెండో మాట విన్నాక సుసన్న ఊళ్లో సూదులు వేసే శంకరయ్య ఇంటికి పరుగెత్తింది. అతను వెంటనే బస్టాండు దగ్గరి నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు కడుపు మీద జిగురు పూసి, మిషను జరిపి, తెర వైపు చూస్తూ చెప్పాడు. సంచి మూతికి పుండైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, ఒక పిల్ల పుట్టింది కదా, తీసేద్దాం, శనివారం పరగడుపున రండి.

అవే మాటలు. సుసన్నకు ఆ గదిలో కాలం వెనక్కి తిరిగినట్టయింది. మంచం మీద ఉన్నది కూతురో తానో కాసేపు తెలియలేదు.

పందిరి అంచున ఆకులు కదిలాయి. కృపారాణి వచ్చి నిలబడింది. తలనిండా నీటిచుక్కలు.

"అమ్మా, శనివారం దాక ఉంది గద. ఇయ్యాల ఒక్కసారి సర్కారు దవాఖానల చూపించుకుంట."

"మల్ల గాడెందుకు బిడ్డా? గా డాక్టరు చూసి చెప్పె గద."

"ఏడ చూసిండమ్మా? కడుపు మీద మిషిన్ జరిపిండు, గంతే. లోపల మూతికి పుండైందని పైనుంచి ఎట్ల కనవడ్డది ఆయనకు?"

ఆనాడు సుసన్న కడుపు మీద మిషను కూడా పెట్టలేదు, చెయ్యి పెట్టి నొక్కి చూశారు. ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదు. ఆలస్యం అయితే లోపల ఏం పెరుగుతుందోనని ఒక భయం. వద్దంటే బిడ్డ అలిగి పెద్ద అంబర్‌పేటకు వెళ్లిపోతుందేమోనని ఇంకో భయం. రెండు భయాల మధ్య ఆమె తల ఊపింది.

ఊపినాక ఆగలేదు. వేపాకు దూసి పెద్ద గిన్నెలో మరిగించింది. పసుపు వేసింది. చల్లారాక రెండు మూతల డెటాల్ పోస్తే నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆ ఆవిరిలో ఆమె ముఖం తడిసింది. పెద్ద డాక్టరమ్మ ముందు బిడ్డ పండుకుంటే వాసన రావద్దు, వీళ్ల ఆడపిల్లలు ఇంత గలీజా అని అనుకోవద్దు. స్నానాలగదికి తలుపు బదులు వేలాడే చీర ఇవతల నిలబడి చెంబు అందించింది.

"పైపైన కాదు బిడ్డా. లోపలిదాక పొయ్యి. వేలుతోటి కడుగు. మా అమ్మ నాకు గట్లనే చెప్పింది."

*

మంచాల ఊరి నుంచి వచ్చే బస్సు అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. సుసన్న కొంగుతో ఒక చోట తుడిస్తే అందులోంచి పత్తిచేలు, కొత్త ప్లాట్ల తెల్లరాళ్లు, మళ్లీ చేలు. కునుకు పట్టీ పట్టకుండా ఉంది. ఆ కునుకులో తెల్లరాళ్లన్నీ సమాధి రాళ్లయి, ఆమె ఉలిక్కిపడి కూతురి చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది. డెటాల్ వాసన వస్తుంది.

ఇబ్రహీంపట్నం దవాఖానలో ఆడవాళ్ల వరుస గోడ వెంట వంకర తిరిగి పోయింది. చీటీలు పట్టుకున్న చేతులు, గాజులు, పిల్లల ఏడుపులు. వాన వెలుతురులో అన్నీ దూరంగా, వేరే ఎవరి కలలోవో అయినట్టు ఉన్నాయి. పిలిచేసరికి పొద్దెక్కింది.

లేడీ డాక్టరు పేరు నందిని. చిన్న వయసు. ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. కృపారాణి చెప్పిందంతా తలెత్తి విని, తెర వెనక్కి తీసుకుపోయింది. సుసన్న తెర ఇవతల నిలబడి ప్రార్థన మొదలుపెట్టింది. ఆమేన్ అనకముందే డాక్టరు బయటికి వచ్చింది.

"డెటాల్ ఎవరు పోసిండ్రు?"

సుసన్న కొంచెం గర్వంగానే చెప్పింది. "నేనే మేడం. వేపాకు, పసుపు, డెటాల్. మంచిగ కడిగిచ్చి తోల్కొచ్చిన."

డాక్టరు చేతి తొడుగులు తీస్తూ నవ్వింది. "మనం పట్టుకుందామనుకున్నోళ్లను నువ్వు ముందే తరిమేసినవ్ కదమ్మా."

సుసన్నకు అర్థం కాలేదు. ఆ నవ్వులో తిట్టు ఉందేమోనని వెతికింది. లేదు.

"సంచి మూతి ఎర్రగ వాచింది. ముట్టుకుంటే రక్తం వస్తుంది. అంతవరకు నేను చూసిన," అంది డాక్టరు, కూర్చోమని స్టూలు చూపిస్తూ. "దేనివల్ల వాచిందో చూడాలె. దానికి అక్కడి చెమ్మ దూదితోటి తీసి పరీక్షకు పంపాలె. ఇయ్యాల తీస్తే డెటాలే వస్తది."

"క్యాన్సరు కాదా మేడం?"

"ఆ పరీక్ష గూడ చేస్త. చెయ్యకుండ అవునన, కాదన. చూడమ్మా, వాపు అంటే రోగం పేరు కాదు. రోగం చేసిన పని. చేసింది ఎవరో తెలిస్తే మందు తెలుస్తది." ఆమె కృపారాణి వైపు తిరిగింది. "బుధవారం రా. అప్పటిదాక పైన మామూలు స్నానం చెయ్యి. లోపల చుక్క నీళ్లు గూడ పోయొద్దు. మీ ఆయన తోటి కలవొద్దు. ఎట్లున్నదో అట్లనే రావాలె."

"వాసన వస్తది మేడం," అంది సుసన్న, గొంతు తగ్గించి.

"రానీ. నాకు సిగ్గు లేదు, నీకెందుకు?"

కృపారాణి నవ్వింది. వచ్చిన దగ్గర్నుంచి అదే మొదటి నవ్వు.

*

మంగళవారం సుసన్న చేతులు ఊరికే డెటాల్ సీసా దాకా పోయి వచ్చాయి. బిడ్డ లోపల ఏదో తిరుగుతుందని తెలిసీ కడగకుండా ఎట్లా వదిలేయాలి? నిప్పు కనబడుతుంటే నీళ్లు పోయొద్దన్నట్టుంది. చివరికి సీసా తెచ్చి ఇస్తారి చేతిలో పెట్టింది. "నాకు అందకుండ పెట్టు."

ఇస్తారి దాన్ని పందిరి గుంజ పైన, తీగల మధ్య కట్టాడు. "కాయ అనుకుని కోసేవు," అన్నాడు.

తల్లీకూతుళ్లు పందిరి కింద పీట వేసుకుని కాయలు వేరు చేస్తూ కూర్చున్నారు. గాలి వచ్చినప్పుడల్లా వెలుతురు బిళ్లలు వాళ్ల చీరల మీద అటూ ఇటూ ఈదాయి. కృపారాణి వంకర కాయలన్నీ తన దగ్గర పెట్టుకుంటుంది. చిన్నప్పుడు కూడా అంతే. వంకరవి ఎవరూ కొనరని జాలి.

"సామ్యేలుకు చెప్పినవా?" సుసన్న అడిగింది. సామ్యేలు అల్లుడు. డీసీఎం వ్యాను నడుపుతాడు. విజయవాడ రోడ్డు మీద సగం బతుకు.

"ఏమని చెప్పాలె? ఏందో తెలుస్తనే గద." కృపారాణి ఒక కాయను తిప్పి తిప్పి చూసింది. "మా అత్త అన్నది... మీ అమ్మ రోగమే నీకొచ్చింది, మీ ఇంట్ల ఆడోళ్లకు సంచి నిలవదు అని."

సుసన్న గంప మీది గోనెపట్టను లేపి, నీళ్లు చల్లి, మళ్లీ కప్పింది. అది తడిగానే ఉంది.

అప్పుడే మహేశ్వరి కూరగాయలకు వచ్చింది. అదే సంఘపు బుగ్గమ్మ కోడలు. మందిరంలో ఆఖరి చాప మీద, చంటిపిల్లల తల్లుల దగ్గర కూర్చుంటుంది. కాయలు ఏరుకుంటూ ఏరుకుంటూ, కృపారాణి నీళ్లకు లేచి పోయేదాకా ఆగి, అడిగింది.

"పెద్దమ్మా, ఆపరేషన్ అయినంక మస్తు రోజులు నొస్తదా?"

"ఎందుకే?"

"మా అత్తమ్మ నన్ను గూడ తీపిచ్చుకోమంటుంది. నాకు గూడ తెల్లబట్ట అయితుంది గద. గా నర్సింగ్ హోముకే పోయినం. వచ్చే వారం రమ్మన్నరు. నాకు భయమైతుందంటే, సుసన్నమ్మ తీపిచ్చుకొని ఎంత మంచిగున్నది, ఏటేట సాక్ష్యం చెప్తలేదా అంటుంది."

సుసన్న నోట్లో నుంచి ఎప్పటి మాట వచ్చేసింది. "దేవుడున్నడు బిడ్డా. ఏం కాదు." అని, మహేశ్వరి గేటు దాటి పోతుంటే వెనక నుంచి చూసింది. ఎంత సన్నటి నడుమో. ఇరవై రెండు ఉంటాయా? తనకు ముప్పై నిండకముందే ఒంట్లోంచి సెగలు లేచేవి. ఉన్నట్టుండి మీద కుండెడు వేడినీళ్లు పోసినట్టు. మోకాళ్ల నొప్పులు అప్పటి నుంచే. ఆ సంగతులు సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పలేదు. బతికినప్పుడు అవన్నీ చిన్నవి కదా అనుకుంది.

బుధవారం డాక్టరు సుసన్నను కూడా తెర లోపలికి రానిచ్చింది. కూతురి తల దగ్గర నిలబడి, చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకోవాలనుకుంది. మూసుకోలేకపోయింది. లైటు వెలుగులో డాక్టరు చేతులు తొందర లేకుండా కదిలాయి. పొడుగు పుల్ల, కొసన దూది. లోపలికి పోయి, నెమ్మదిగా గుండ్రంగా తిరిగి, బయటికి వచ్చింది. దూది పసుప్పచ్చగా ఉంది. దాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టి, పుల్లను గొట్టం అంచుకు విరిచి, మూత బిగించింది. ఇంకో పుల్లతో గాజుపలక మీద చెమ్మ రాసి పక్కగదికి పంపింది. తర్వాత పుల్లటి వాసన వచ్చే మందు ఏదో పూసి, గడియారం చూస్తూ ఆగింది. ఆ ఆగడంలో సుసన్న ఎన్నో చావులు చూసింది.

"తెల్లమచ్చ పడలేదు," అంది డాక్టరు. "మంచిదే. క్యాన్సరు గుర్తుంటే పడేది. అయినా దానికోసం ఒక పలక పంపుత. అనుమానం ఎందుకు?"

కాసేపటికి పక్కగది నుంచి కబురు వచ్చింది. గాజుపలక మీద కదిలే క్రిమి ఏదీ కనబడలేదు.

"అంటే ఏం లేదా?" అంది సుసన్న.

"కదిలేది లేదు. కదలకుండ దాక్కునేవి ఉన్నయ్. గొట్టం పట్నంల పెద్ద ల్యాబుకు పోతది. శనివారం చెప్తరు."

శనివారం. పరగడుపున రమ్మన్న శనివారం. సుసన్న ఆ సన్నటి గొట్టాన్ని చూసింది. దాని మీద నర్సు కూతురి పేరు రాస్తుంది. ఇంత పెద్ద భయం అంత చిన్న గొట్టంలో ఎట్లా పట్టిందా అనుకుంది.

*

శనివారం పొద్దున కృపారాణికి చాయ కూడా ఇవ్వలేదు.

"అమ్మా, ఆకలైతుంది."

"జర ఆగు బిడ్డా. ఒకేళ ఏమన్న ఉన్నదంటే గట్లనే గా నర్సింగ్ హోముకు పోవాలె గద. తింటే ఆపరేషన్ చెయ్యరు."

జొన్నరొట్టె, బీరకాయ కూర డబ్బాలో పెట్టి, డబ్బాను సంచిలో పెట్టి, సంచిని చంకలో బిగించింది. బస్సులో కూర వాసన సన్నగా వస్తుంటే కృపారాణి కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. వాన వెలిసి ఎండ పొడి పొడిగా రాలుతుంది. బస్టాండు దగ్గర దిగితే ఎడమకు నర్సింగ్ హోం, నేరుగా పోతే దవాఖాన. సుసన్న కాళ్లు ఒక క్షణం రెండు దిక్కులా పోయాయి. నర్సింగ్ హోం మెట్ల మీద శంకరయ్య నిలబడి చెయ్యి ఊపాడు. ఆమె చూడనట్టు కొంగు ముందుకు లాక్కుని కూతురి వెనక నేరుగా నడిచింది.

డాక్టర్ నందిని కాగితం చూస్తూ చెప్పింది. "దొరికింది. క్లామీడియా అంటరు. కంటికి కనబడని క్రిమి. క్యాన్సరు పలక గూడ మంచిగున్నది."

సుసన్నకు ఆ పేరు నీళ్లలో రాయి పడ్డట్టు వినబడింది. "ఎన్ని రోజులు ఉంటది మేడం నా బిడ్డ?"

"ఉంటదేంది?" డాక్టరు కళ్లద్దాల మీంచి చూసింది. "గోలీలు రాసిస్త. పొద్దునొకటి సాయంత్రమొకటి, వారం. అయిపాయె."

"కోసుడు?"

"ఏం కొయ్యాలె? వాపు దానంతట అదే పోతది. కని ఇట్లనే వదిలేస్తే పైకి పాకి, పిల్లలు పుట్టకుండ చేస్తది. వారమంతా మింగాలె, మధ్యల ఆపొద్దు. కడుపుతోటి లేవు కద? సరే. ఏమన్న తిన్నంక వేసుకో."

"ఇప్పుడు తినొచ్చా?" కృపారాణి అడిగింది, డాక్టరును కాదు, తల్లిని.

సుసన్న సంచిలోంచి డబ్బా తీసింది. మూత రావడం లేదు. కూతురే లాక్కుని తీసింది. డాక్టరు నీళ్ల సీసా అటు జరిపి, ఇంకో చీటీ రాయడం మొదలుపెట్టింది.

"ఇది మీ ఆయనకు. ఆయన గూడ మింగాలె. లేకుంటే నీకు మల్లా వస్తది. ఇద్దరికీ తగ్గేదాక దూరం ఉండుండ్రి."

రొట్టె ముక్క కృపారాణి చేతిలో ఆగింది. "ఆయన నుంచి వచ్చిందా మేడం?"

"ఒకరి నుంచి ఒకరికే వస్తది. ఎవరి నుంచి ఎవరికన్నది ఈ కాగితం చెప్పదు. ఏండ్ల తరబడి నొప్పి లేకుండ, తెలవకుండ ఉంటది. నేనైతే చెప్పలేను." ఆమె గొంతు మెత్తబడింది. "ఆ మాట మీరిద్దరు కూసోని మాట్లాడుకోవాలె. మందు మాత్రం ఇద్దరు మింగాలె."

కూతురు తింటుంటే సుసన్న చూస్తూ కూర్చుంది. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీది కాగితం మీద పడింది. ఎంత తేలికగా ఉంది గది. వారం గోలీలు. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే చీర కుచ్చిళ్ల పక్కకు, పొత్తికడుపు మీది పాత కుట్టు మీదికి పోయింది.

"మేడం... నాకు గూడ గిట్లనే ఉండె. పసుప్పచ్చగ, నడుము లాగుడు. నాకు తీసేసిండ్రు." ఆమె ఆగింది. "నాకు గూడ గిదేనా?"

డాక్టరు పెన్ను మూత పెట్టింది. "ఇట్ల పండవెట్టి చూసిండ్రా నిన్ను? దూదితోటి తీసిండ్రా?"

"లేదు."

"పిల్లలెంత మంది?"

"ఇది ఒక్కతే."

డాక్టరు కళ్లద్దాలు పైకి జరుపుకుంది. "అయ్యుండొచ్చమ్మా. కాకపోవచ్చు. ఆనాడు చూస్తే తెలిసేది. ఇప్పుడు ఎవ్వరం చెప్పలేము."

సుసన్న తల ఊపింది. ఇంకా ఏదో అడగాలి అనిపించింది కానీ అది ఏమిటో అందలేదు. కలలో తలుపు దాకా పోయి మెలకువ వచ్చినట్టుంది. బయట ఇంకొకరి పేరు పిలిచారు.

*

సాయంత్రం సామ్యేలు వచ్చాడు. డీసీఎంను రోడ్డు మీదే ఆపి, చేను గట్టు మీంచి నడిచి వచ్చాడు. బీర పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. మొగ్గ కొస వదులై, ఒక్కో రేకూ నిద్రలో చెయ్యి చాచినట్టు తెరుచుకుంటుంది. సుసన్న తీగల అవతల ఎర్ర పెంకుపురుగుల్ని ఏరి కిరోసిన్ డబ్బాలో వేస్తుంది. వినకూడదనుకుంటూనే వింటుంది.

"నాకేం నొప్పి లేదు, మంట లేదు," సామ్యేలు గొంతు. "నేనెందుకు మింగాలె? అంటే నా మీద పెడుతున్రా? డ్రైవరు గాడు గద, ఏడేడనో తిరుగుతడని?"

"నీ మీద పెట్టలే. డాక్టరమ్మ గూడ పెట్టలే. ఎవరి తాన ముందుగాల ఉన్నదో గా చీటీ చెప్పదట."

"మరి నువ్వు నన్ను నమ్ముతున్నవా?"

"నువ్వు నన్ను నమ్ముతున్నవా?"

సుసన్న వేళ్ల మధ్య పురుగు గిలగిలా కొట్టుకుంది. అయిపోయింది అనుకుంది. క్యాన్సరు కాదు, ఇల్లు కూలడం రాసి పెట్టి ఉంది నా బిడ్డకు. కుల పెద్దలు, పంచాయితీ, సంచులు సర్దుకుని ఆటో దిగే కూతురు, నానమ్మ ఇంట్లో పాప. అన్నీ రేకులు విచ్చినట్టు వరసగా కనబడ్డాయి.

"అత్తమ్మా," సామ్యేలు పిలిచాడు. "మీరున్నరని తెలుసు. మీరేమంటరు?"

సుసన్న డబ్బా పట్టుకుని తీగల కింద వంగి అవతలికి వచ్చింది. అల్లుడి ముఖం నేరుగా చూడటం ఆమెకు అలవాటు లేదు. డబ్బాలోకి చూస్తూ మాట్లాడింది.

"నన్నెవ్వరు ఏమడగలే బిడ్డా. మీ మామను గూడ ఎవ్వరు ఏమడగలే. చూడకుండనే తీసిండ్రు. ఏమున్నదో తెలవకుండనే పోయింది. ఇరవై ఏండ్ల సంది నేను స్తోత్రం చెప్తనే ఉన్న." ఆమె ఊపిరి తీసుకుంది. "నీకు మింగబుద్ధి కాకుంటే మింగకు. కని నా బిడ్డను గా కోసే బల్ల మీద పండవెట్టనియ్య."

పందిరి చివర తీగ కడుతున్న ఇస్తారి చేతులు ఆగిపోయాయి. అటు తిరిగే ఉన్నాడు. తిరిగి చూడలేదు.

సామ్యేలు చాలాసేపు కాళ్ల దగ్గరి మట్టిని చెప్పుతో చదును చేశాడు.

"తినకముందా, తిన్నంకనా?"

"తిన్నంక," అంది కృపారాణి.

సుసన్న అన్నం వడ్డించింది. ఇద్దరూ ఒకే చాప మీద, మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా వదిలి తిన్నారు. తిన్నాక గోలీ పట్టీలోంచి ఒకటి అతనూ ఒకటి ఆమే తీసుకున్నారు. నీళ్ల చెంబు ఒకటే. అతను తాగి, అటు జరిపాడు.

*

ఆదివారం మందిరంలో గంపను బల్ల ముందు పెట్టేసరికి కాయల మీద ఇంకా మంచు చెమ్మ ఉంది. పాటలు అయిపోయాయి. కిటికీ రేకుల్లోంచి వచ్చే వెలుతురులో ధూళి నెమ్మదిగా తేలుతుంది. పాస్టరు గారు తల ఊపగానే సుసన్న లేచి కొంగు కప్పుకుంది.

"నాకు క్యాన్సరు కాబోతుంటే దేవుడు ముందుగాలనే తెలియజేసిండు..."

మాటలు వాటంతట అవే వచ్చాయి, అలవాటైన దారిలో నడిచే పశువుల్లాగా.

"గర్భసంచి తీపిచ్చిండు..."

"స్తోత్రం," అన్నారు ఆడవాళ్లు, ఆమె ఆగకముందే.

ఆఖరి చాప మీద మహేశ్వరి పిల్లను ఒళ్లో వేసుకుని తలెత్తి చూస్తుంది. పక్కన బుగ్గమ్మ, చూసినవా అన్నట్టు కోడలి మోచేతిని పొడిచింది.

"ఆగుండ్రి," అంది సుసన్న. "ఇంక కాలే."

పాస్టరు గారు తలెత్తారు. దేవుడు కోపగించుకుంటాడేమో, సంఘం వెలి వేస్తుందేమో, ఇస్తారి ఎక్కడున్నాడో. సుసన్న మగవాళ్ల వైపు చూడలేదు. గంపలోని కాయల్ని చూసింది.

"నాకు క్యాన్సరుండెనో లేదో నాకు తెల్వదు. ఎవ్వరు చూడలే. వారం గోలీలతోటి పోయేదుండెనో ఏమో, అది గూడ తెల్వదు. దేవుడు బతికిచ్చిండు. గది అబద్ధం కాదు. కని ఇన్నేండ్లు నాకు తెల్వని మాటను తెలిసినట్టు చెప్పిన. నా బిడ్డకు గిట్లనే అయితే మొన్న లోపల చూసిండ్రు, పరీక్ష చేసిండ్రు, క్రిమి దొరికింది, గోలీలిచ్చిండ్రు. గంతే. మీకెవరికన్న పుండైంది, తీసేయాలె అంటే... దేనివల్ల అయిందో ముందుగాల చూడుమనుండ్రి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరో దగ్గారు. పిల్ల ఒకటి ఏడ్చి ఊరుకుంది. సుసన్న కూర్చుంది. మోకాళ్లు మడిచేటప్పుడు టక్కుమన్నాయి. ఆ చప్పుడు అందరికీ వినబడ్డట్టు అనిపించింది. పాస్టరు గారు ప్రార్థన చేద్దాం అన్నారు.

బయట చెప్పుల దగ్గర ఆడవాళ్లు ఆమెకు కొంచెం ఎడంగా గుంపు కట్టారు. బుగ్గమ్మ చూపు కలపకుండా పోయింది. సుసన్న ఖాళీ గంపను బోర్లించి దులుపుతూ, ఇంక ఈ ఊళ్లో నాతో ఎవరు మాట్లాడతారు అనుకుంది. ఎండిన బీరపువ్వు ఒకటి గంప అల్లికలో ఇరుక్కుని ఊడి రావడం లేదు.

వెనక నుంచి ఎవరో కొంగు పట్టి లాగారు.

మహేశ్వరి. చంకలో పిల్ల. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"పెద్దమ్మా, కడగకుండ పోవాల్నంట గద, కృపక్క చెప్పింది. సబ్బు గూడ వద్దా?"

సుసన్న ఆమె ముఖంలోకి చూసింది. వెలుతురు ఆ సన్నటి ముఖం మీద పచ్చగా, నెమ్మదిగా దిగుతుంది.

"లోపల సబ్బు గూడ వద్దు బిడ్డా," అంది. "రేపు పొద్దుగాల మంచాల బస్సు. నేను గూడ వస్త."